రోమన్ అంకెల్లో ఎనిమిదిన్నర కోట్లు: పలకల తయారీ డైరీ

మొదటి రోజు

మొదటి పలక మీద రాయవలసిన సంఖ్య 8,45,80,777. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాగా నమోదైన సంఖ్య ఇది. దీన్ని మన అంకెల్లోనూ మాటల్లోనూ రాయడం మా ఆరో తరగతి పిల్లలకు వచ్చు. రోమన్ అంకెల్లో ఎలా రాయాలని ఒక అమ్మాయి అడిగినప్పుడు, వెయ్యికి గుర్తయిన ఎం అనే అక్షరాన్ని వరుసగా మూడుసార్లకు మించి రాయకూడదు కాబట్టి 3,999 దాటితే ఆ పద్ధతి పనిచేయదని చెప్పాను. ఆ తరువాత ఆ జవాబు నన్ను చాలా రోజులు వెంటాడింది. కోట్ల నాణేలతో సైన్యాలను పోషించి, లక్షల మంది పౌరుల తలలు లెక్కపెట్టిన రాజ్యం నాలుగు వేలకు ముందే లెక్క ఆపేసి ఉంటుందా? ఈ వేసవి సెలవుల్లో పెద్ద సంఖ్యలను రోమన్లు ఎలా రాశారో తెలుసుకొని, వాటిని అయిదు పలకల మీద చేత్తో రాసి, బడి వరండా గోడకు బిగించాలన్నది నా పని.

ముందుగా తేలికైన దారి ఎంత దూరం పోతుందో లెక్క వేశాను. 8,45,80,777లో వేలు 84,580 ఉన్నాయి. ఒక్కొక్క వెయ్యికి ఒక్కొక్క ఎం చొప్పున, అంగుళానికి ఒక అక్షరం రాసుకుంటూ పోయినా వరుస పొడవు 7,048 అడుగులు అవుతుంది. అంటే రెండు కిలోమీటర్లు దాటి మరో 148 మీటర్లు. మా ఊరి బస్టాండు నుంచి బడి దాకా కూడా అంత దూరం లేదు.

ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి తీసుకొని, నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉండేటట్టు ఎనిమిది పలకలు కోయించాను. అయిదింటికి పని ఉంది; మూడు తప్పులకూ ప్రయోగాలకూ. ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, తెల్ల ప్రైమర్ ఒక పూత వేసి, డాబా మీద నీడలో ఆరబెట్టాను.

మూడో రోజు

అక్షరాలను కంప్యూటర్‌లో కూర్చి, అచ్చు తీసి, వాటినే స్టెన్సిళ్లుగా కత్తిరిద్దామనుకున్నాను. అక్షరాలు బాగానే వచ్చాయి గాని, పెద్ద సంఖ్యల కోసం వాటి మీద పెట్టవలసిన అడ్డగీత ఒక ఫాంటులో పక్కకు జరిగింది, మరొక దానిలో అక్షరానికీ అక్షరానికీ మధ్య తెగింది. కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో వెయ్యి, అయిదు వేలు, పది వేలు, యాభై వేలు, లక్ష అనే పాత రోమన్ గుర్తులకు విడివిడిగా స్థానాలు ఉన్నాయి. అయినా నా దగ్గర ఉన్న ఫాంటుల్లో చాలావాటికి ఆ రూపాలు లేవు, వాటి చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. అందువల్ల స్టెన్సిళ్లను మందపాటి అట్ట మీద చేత్తోనే గీశాను. ఈ డైరీలో కూడా అంకెల అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తున్నాను: ఐ అంటే 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎం 1,000. అసలు రూపాలు పలకల మీద ఉంటాయి.

నాలుగో రోజు

ఈ రోజు పాత గుర్తుల పలక మొదలుపెట్టాను. దీనికి రెండే స్టెన్సిళ్లు చాలు: ఒక నిలువు గీత, ఒక సి. సి అట్టను తిరగేస్తే కుడివైపు వంపు తిరిగిన సి వస్తుంది. నిలువు గీతకు ఎడమ పక్క ఒక సి, కుడి పక్క ఒక తిరగేసిన సి ఉంచితే వెయ్యి. రెండు పక్కలా రెండేసి ఉంచితే పది వేలు, మూడేసి ఉంచితే లక్ష. ఎడమవైపు వంపులన్నీ తీసేస్తే ఆ గుర్తు విలువ సగమవుతుంది. నిలువు గీత, దాని కుడి పక్క ఒకే ఒక తిరగేసిన సి మిగిలితే అయిదు వందలు. ఆ రెంటినీ దగ్గరకు జరిపి చూస్తే మనం అయిదు వందలకు రాసే డి అక్షరం కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా డి అంటే 500 అని బోర్డు మీద రాసిన నేను, అది వెయ్యి గుర్తులో కుడి సగమన్న సంగతిని ఈ రోజు బ్రష్ చేతిలో ఉండగా కళ్లతో చూశాను.

ఈ పలక మీద 8,45,80,777లోని చివరి భాగాన్ని, అంటే 80,777ని, పూర్తిగా రాయగలిగాను. యాభై వేలకు ఒక నిలువు గీత, మూడు తిరగేసిన వంపులు. ఆ పక్కన పది వేల గుర్తులు మూడు. ఆ తరువాత 777కు డి, సి, సి, ఎల్, ఎక్స్, ఎక్స్, వి, ఐ, ఐ. పది వేలకు తెలుగులో అయుతం అనే మాట ఉంది. అయుత చండీయాగం పుణ్యమా అని ఆ మాట చాలామందికి తెలుసు. నా కాగితాల్లో ఆ గుర్తుకు అయుతం గుర్తు అని పేరు పెట్టుకున్నాను.

వంపులను పక్కపక్కన కాకుండా ఒకదాని లోపల ఒకటి ఒదిగేటట్టు గీస్తే గుర్తు ఇంకా అందంగా ఉంటుంది. నిలువు గీత చుట్టూ నీటి అలల వలయాలు పాకినట్టు కనిపిస్తుంది. అయితే మొదటి ప్రయత్నంలో ఎనామెల్ రంగు పల్చనై, లోపలి రెండు వంపులు కలిసిపోయాయి. అలా కలిసిన చోట ఒక వంపు తగ్గితే లక్ష కాస్తా పది వేలవుతుంది. ఆ పలకను పక్కన పెట్టి, వంపుల మధ్య కనీసం పావు అంగుళం ఖాళీ ఉండేటట్టు కొత్తగా గీశాను.

ఎనభై వేల దాకా ఈ పద్ధతి చక్కగా సాగింది. లక్షల దగ్గరే చిక్కు వచ్చింది, ఎందుకంటే లక్ష గుర్తును మించిన గుర్తు ఈ వరుసలో వాడుకలో లేదు. 845 లక్షలకు 845 లక్ష గుర్తులు వేయాలి. ఒక్కొక్కటి నాలుగు అంగుళాల చోటు తీసుకుంటే 280 అడుగులు పైచిలుకు. రోమన్లు నిజంగా ఈ పని చేశారు కూడా. క్రీ.పూ. 260లో సిసిలీ దగ్గర కార్తేజ్ నౌకాదళాన్ని ఓడించిన గాయుస్ డుయీలియస్ గౌరవార్థం రోమ్‌లో నిలిపిన స్తంభపు శాసనంలో, స్వాధీనం చేసుకున్న ధనం విలువ చెప్పడానికి లక్ష గుర్తును ఇరవైకి పైగా సార్లు వరుసగా చెక్కారు. ఇప్పుడు కాపిటోలిన్ మ్యూజియంలో ఉన్న రాయి ఆ పాత శాసనానికి సామ్రాజ్య కాలంలో తిరిగి చెక్కిన ప్రతి. ఒక్క లక్ష గుర్తుకు ఏడు గీతలు గీసిన చేతితో ఆ వరుసను తలచుకుంటే, ఉలి పట్టిన ఆ శిల్పి ఓపిక ఎంతటిదో తెలిసింది.

ఆరో రోజు

ఈ రోజు బ్రష్ ముట్టుకోలేదు, చదువుకోవడంతోనే రోజంతా గడిచింది. అయినా మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన రోజు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించిన రోమన్ రచయిత ప్లినీ, పూర్వికులకు నూరు వేలను మించిన సంఖ్య లేదని, అందుకే తన కాలంలో కూడా ఆ నూరు వేలనే రెట్టించి, పదిసార్లు నూరు వేలు అనో అంతకంటే ఎక్కువసార్లు అనో చెబుతున్నారని రాశాడు. లాటిన్‌లో ఆ మాట దెకియేస్ కెంతేనా మీలియా. ఇంగ్లిషు పుస్తకాలు దీన్ని మిలియన్ అని అనువదించి ముందుకు సాగిపోతాయి. తెలుగులో చదివే మనకు ఆ అనువాదం అవసరమే లేదు. నూరు వేలు మనకు లక్ష. పదిసార్లు నూరు వేలు మనకు పది లక్షలు. రోమన్లు పెద్ద లెక్కను మనలాగే లక్షల్లో చెప్పారు.

టర్కీలోని అంకారాలో ఉన్న ఆలయం గోడల మీద అగస్టస్ చక్రవర్తి తాను చేసిన పనుల గురించి చెప్పుకున్న శాసనం ఉంది. క్రీ.పూ. 28లో జరిపిన లెక్కల్లో తేలిన రోమన్ పౌరుల సంఖ్యను అందులో మాటల్లో చెక్కారు: క్వాద్రాగియేన్స్ కెంతుమ్ మీలియా ఎత్ సెక్సాగింతా త్రియా మీలియా. దీన్ని మాటకు మాట తెలుగులో పెడితే నలభై లక్షల అరవై మూడు వేలు, అంటే 40,63,000. కామా ఎక్కడ పడాలో కూడా ఆ వాక్యమే చెబుతోంది. దీన్ని నోట్‌బుక్‌లో రాసుకొని మూడు నాలుగు సార్లు పైకి చదివాను.

ఇక గుర్తుల సంగతి. అంకె మీద అడ్డగీత గీస్తే దాని విలువ వెయ్యి రెట్లు. అడ్డగీతకు రెండు పక్కలా నిలువు గీతలు కూడా దింపి, అంకెను మూడు వైపులా మూసి, అడుగు భాగం తెరిచి ఉంచితే దాని విలువ లక్ష రెట్లు. అంటే గీత లేనివి వందల దాకా, పైగీత ఉన్నవి వేలు, మూడు గీతల పందిరి కింద ఉన్నవి లక్షలు. మనం 12,34,567 అని రాసేటప్పుడు కామాలు విడదీసే మూడు భాగాలు ఇవే: పందిరి కింద 12, పైగీత కింద 34, ఏమీ లేకుండా 567. మూడేసి అంకెలకు ఒక కామా పెట్టే పాశ్చాత్య పద్ధతితో చూస్తే రోమన్ పందిరి వింతగా కనిపిస్తుంది. మన కామాలతో చూస్తే అది ఇంటి మనిషిలా కనిపిస్తుంది.

రోమన్లు అన్ని చోట్లా ఇంత క్రమంగా రాశారని అనుకోకూడదు. అదే అంకారా శాసనంలో క్రీ.పూ. 8 నాటి లెక్కను నలభై లక్షల రెండు వందల ముప్పై మూడు వేలు అని చెప్పారు. మనమైతే ఆ రెండు వందల వేలను కూడా లక్షల్లో కలిపేసి నలభై రెండు లక్షల ముప్పై మూడు వేలు అంటాం. పైగీతను కొన్నిచోట్ల వెయ్యి రెట్లకు కాక, ఇది అక్షరం కాదు అంకె అని తెలపడానికి కూడా గీశారు. కొలోసియం 44వ ద్వారం మీద ఎక్స్, ఎల్ తరువాత నాలుగు ఐలు చెక్కి ఉన్నాయి. బడిలో నేర్పే ఐ, వి అక్కడ లేదు. నా పలకల మీద మాత్రం ఒకే నియమం పాటిస్తాను: వేలు ఎప్పుడూ 99 దాటవు, నాలుగుకు ఐ, వి రాస్తాను, పైగీత అంటే వేలే.

ఎనిమిదో రోజు

845 లక్షలు: డి, సి, సి, సి, ఎక్స్, ఎల్, వి. 80 వేలు: ఎల్, ఎక్స్, ఎక్స్, ఎక్స్. 777: డి, సి, సి, ఎల్, ఎక్స్, ఎక్స్, వి, ఐ, ఐ. మొత్తం ఇరవై అక్షరాలు. రెండు కిలోమీటర్ల వరుస ఇరవై అక్షరాలకు దిగి, నాలుగడుగుల పలక మీద భాగానికీ భాగానికీ నడుమ మూడేసి అంగుళాల ఖాళీతో ఒదిగింది.

అక్షరాల ఎత్తు మూడున్నర అంగుళాలు. సుద్ద పూసిన దారం లాగి పైన ఒక గీత, కింద ఒక గీత కొట్టుకొని, నల్ల ఎనామెల్‌తో అక్షరాలు నింపాను. ఆరిన తరువాత మాస్కింగ్ టేపు అతికించి, 80 వేల మీద పైగీత, 845 చుట్టూ పందిరి గీసి, సాయంత్రం టేపు తీశాను. దగ్గరగా చూస్తే గీతలు చాలా శుభ్రంగా వచ్చాయి.

తొమ్మిదో రోజు

పక్క వీధిలో ఉండే మా బడి అబ్బాయి పొద్దున్నే వచ్చి పలక చూశాడు. పందిరి అంటే లక్షలు అని చెప్పి చదవమన్నాను. వేలుతో ఒక్కొక్క అక్షరాన్నీ తాకుతూ వెళ్లి, "ఎనిమిది వందల నలభై ఆరు లక్షలు, సార్" అన్నాడు. మొదట వాడు తప్పు చదివాడనుకున్నాను. వాడి వేలు ఆగిన చోటు చూస్తే తప్పు నాదని తెలిసింది: వి పక్కన దిగిన పందిరి కుడి గీత, అక్షరాలంత ఎత్తుతో, అక్షరాలంత మందంతో, అచ్చంగా ఐ లాగా నిలబడి ఉంది. దానితో అయిదు ఆరయింది. ఎడమ గీతను కూడా వాడు ముందు ఐ అనే అనుకొని, డి ముందు ఐ ఉండకూడదు కాబట్టి వదిలేశానని చెప్పాడు.

ఒక్క గీతతో లక్ష మంది జనం పెరిగిపోయారు. పలకను ఆ భాగంలో మళ్లీ రుద్ది, తెల్ల రంగు వేసి, మూడు మార్పులు చేశాను. ఐ అక్షరానికి తలమీదా పాదం దగ్గరా చిన్న అడ్డపట్టీలు పెట్టాను. పందిరి స్తంభాలను అక్షరాల మందంలో మూడో వంతుకు తగ్గించాను. ఆ స్తంభాలను కింది గీత దాటించి, అర అంగుళం కిందికి దింపాను. మధ్యాహ్నం ఆ అబ్బాయినే మళ్లీ పిలిచి ఏమీ చెప్పకుండా చదివించాను. 845 లక్షల 80 వేల 777 అని ఒకే ఊపులో చదివాడు.

పదకొండో రోజు

ఆ రెండు స్తంభాల మీదే మూడో పలక. దీని వెనుక ఉన్న కథ నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

అగస్టస్ భార్య లివియా క్రీ.శ. 29లో చనిపోయింది. తరువాతి కాలంలో కొన్ని నెలలు చక్రవర్తిగా ఉన్న గాల్బా అంటే ఆమెకు అభిమానం. ఆమె తన వీలునామాలో అతనికి అయిదు కోట్ల సెస్టెర్టియస్ నాణేలు రాసిందని, అయితే ఆ మొత్తాన్ని మాటల్లో కాక గుర్తుల్లో రాయడం వల్ల, వారసుడైన టైబీరియస్ దాన్ని అయిదు లక్షలకు తగ్గించాడని, చివరికి గాల్బాకు ఆ అయిదు లక్షలు కూడా అందలేదని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు.

అయిదు కోట్లు అంటే 500 లక్షలు: డి మీద పందిరి. అయిదు లక్షలు అంటే 500 వేలు: డి మీద పైగీత. రెంటికీ తేడా రెండు సన్నని నిలువు గీతలు మాత్రమే. ఆ వీలునామా మీద గుర్తు సరిగ్గా ఏ రూపంలో ఉందో ఎవరూ చూడలేదు గాని, ఈ పద్ధతిలో రాసి ఉంటే అంత పెద్ద తగాదాకు ఆ రెండు గీతలే చాలు. మన చెక్కుల మీద మొత్తాన్ని అంకెల్లో రాసిన తరువాత మాటల్లో కూడా ఎందుకు రాస్తారని పిల్లలు అడిగినప్పుడు, ఇక మీదట నేను గాల్బా సంగతి చెబుతాను.

పలక మధ్యలో తొమ్మిది అంగుళాల డి ఒకటి, దాని మీద పైగీత రాశాను. రెండు స్తంభాలను మాత్రం గీయలేదు. టేకు పట్టీలు రెండు సన్నగా చెక్కించి, నల్ల రంగు వేసి, వెనుక చిన్న అయస్కాంతాలు అతికించాను. పలకలో గాడి తొలిచి ఇనుప రేకు ముక్కలు అమర్చి పైన రంగు వేశాను. పట్టీలు పెడితే అయిదు కోట్లు, తీస్తే అయిదు లక్షలు. మొదటి అయస్కాంతాలు బలం చాలక జారిపోయాయి. కొంచెం మందపాటివి తెచ్చి మార్చాను.

పదమూడో రోజు

నాలుగో పలక మీద కాంతి వేగం: సెకనుకు 29,97,92,458 మీటర్లు. పందిరి కింద ఎం, ఎం, సి, ఎం, ఎక్స్, సి, వి, ఐ, ఐ. పైగీత కింద ఎక్స్, సి, ఐ, ఐ. చివర సి, డి, ఎల్, వి, ఐ, ఐ, ఐ. ఒక్క రోజులో పూర్తయింది.

పదిహేనో రోజు

అయిదో పలక కోసం రెండు రోజులుగా కాగితం మీదే పోరాడుతున్నాను. సంఖ్య 1,21,08,54,977. 2011 లెక్కల తుది నివేదిక ప్రకారం భారతదేశ జనాభా. పందిరి కింద 12,108 రావాలి. అది 3,999 దాటింది. అంటే మొదటి రోజు బయట ఎదురైన చిక్కే ఇప్పుడు పందిరి లోపల ఎదురైంది.

పందిరి లోపల 12 మీద మరో పైగీత గీసి చూశాను. పందిరి కప్పుకూ ఆ గీతకూ నడుమ అర అంగుళమే చోటు దొరికింది. నాలుగడుగుల దూరంలో నిలబడితే రెండు గీతలు కలిసి ఒకటే మందపాటి గీతలా కనిపించాయి. గీత కనిపించకపోతే ఎక్స్, ఐ, ఐ తరువాత సి వచ్చిన ఆ వరుసకు అర్థమే ఉండదు. పందిరిని ఎత్తుగా కడితే అక్షరాలు చిన్నవి చేయాలి, అప్పుడు మిగతా పలకలతో పొత్తు కుదరదు.

దారి చూపింది రోమన్ల చేతి అబాకస్. అరచేతిలో పట్టే ఆ లోహపు పలక మీద నిలువు గాళ్లు ఉంటాయి. పూర్ణ సంఖ్యల గాళ్లలో ఒక్కొక్క దానికి పై భాగంలో అయిదు విలువ గల పూస ఒకటి, కింది భాగంలో ఒకటి విలువ గల పూసలు నాలుగు. ఆ గాళ్ల మధ్య చెక్కిన గుర్తులను కుడి నుంచి ఎడమకు చదివితే ఐ, ఎక్స్, సి, తరువాత వంపులతో కూడిన వెయ్యి, పది వేలు, లక్ష గుర్తులు, అన్నిటికంటే ఎడమన పందిరి కింద ఎక్స్, అంటే పది లక్షలు. వంపుల గుర్తులూ పందిరీ ఒకే పనిముట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. అలాంటప్పుడు పందిరి లోపల అయుతం గుర్తు పెట్టడంలో తప్పేమీ లేదనిపించింది. ఇలా కలపడం నా సొంత నిర్ణయమని పలక కింద చిన్న అక్షరాల్లో రాస్తున్నాను, పిల్లలు దీన్ని రోమన్ల రాతగా అనుకోకూడదు.

కాబట్టి పందిరి కింద అయుతం గుర్తు ఒకటి, ఎం, ఎం, సి, వి, ఐ, ఐ, ఐ. పైగీత కింద ఎల్, ఐ, వి. చివర సి, ఎం, ఎల్, ఎక్స్, ఎక్స్, వి, ఐ, ఐ. అయుతం గుర్తులో నిలువు గీత ఉంది కాబట్టి దానికి మాత్రం అడ్డపట్టీలు పెట్టలేదు. పెడితే వంపుల మధ్య ఐ అనుకునే ప్రమాదం ఉంది. ఈసారి బ్రష్ పెట్టే ముందే, రంగు వేయవలసిన కాగితం నమూనాను ముగ్గురు పిల్లల చేత చదివించాను. ముగ్గురూ సరిగ్గా చదివారు. ఒకరు మాత్రం 54 వేల దగ్గర ఆగి, పైగీత ఎక్కడ ముగిసిందో మళ్లీ చూసుకున్నారు. ఆ గీతను వి అంచు దగ్గర ఖచ్చితంగా తెంచి గీశాను.

పదిహేడో రోజు

అయిదు పలకలకూ వార్నిష్ రెండు పూతలు వేసి, వరండా గోడకు స్క్రూలతో బిగించాం. గోడ ఒక చోట లోపలికి ఉండడం వల్ల మూడో పలక వెనుక చెక్క ముక్క పెట్టవలసి వచ్చింది.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయిని పిలిపించాను. మొదటి పలక ముందు నిలబడి చదివి, "లక్షలు ఇన్ని వందలు ఎందుకు సార్, ఎనిమిది కోట్ల నలభై అయిదు లక్షలు అంటాం కదా, కోటికి వాళ్లకు గుర్తు లేదా?" అని అడిగింది. లేదని, వాళ్లు నూరు వేల మీదే రెట్లు పెంచుకుంటూ పోయారని చెప్పాను. ఆ అమ్మాయి నా పెన్సిల్ తీసుకొని, ప్రయోగాల పలక మీద ఎనిమిది అంకె చుట్టూ నాలుగు వైపులా గీతలు గీసి, అడుగు కూడా మూసి, దాని పక్కన 45కు పందిరి వేసింది. పందిరికి అడుగు మూస్తే కోటి అట. నేను దాన్ని చెరపలేదు. ఆ పలక మిగిలిన భాగంలో 1,21,08,54,977ను కూడా అదే పద్ధతిలో రాసి తెమ్మన్నాను. అప్పుడు మూసిన గడిలో 121, పందిరి కింద 8 మాత్రమే ఉంటాయి, అయుతం గుర్తుతో పని పడదు.

మిగిలిన రెండు పలకల్లో ఒకదాని మీద వంపులు కలిసిపోయిన లక్ష గుర్తు అలాగే ఉంది. రెండోది ఖాళీ. దాని మీద ఏడు గాళ్ల అబాకస్ చేయాలి: గాడికి అయిదు చొప్పున ముప్పై అయిదు చెక్కపూసలు, వాటికి ఇనుప కడ్డీలు, మధ్యలో ఏడు గుర్తులు. పూసలు రేపు తెస్తాను.